ఊడే చేతుల చొక్కా

1946. నరసరావుపేట బజారులో మా నాన్న టైలరు షాపు. అందులో నేను కాళ్లతో మిషను, నోటితో కబుర్లు నడిపేవాణ్ణి. నాన్న కుట్టిన చొక్కా పీలికలైనా కుట్లు మాత్రం వరసలో నిలబడి ఉండేవి. అదే మాకు పేరు, అదే నష్టం కూడా. ఒకసారి వచ్చిన మనిషి మళ్లీ రావడానికి ఏళ్లు పట్టేది.

ఒకరోజు అంజయ్య మామ వచ్చాడు. పత్తి మిల్లులో ఆయిల్‌మాన్‌గా చేసినవాడు. మిల్లు పైకప్పు కింద అడ్డంగా తిరిగే పొడుగాటి ఇనప కడ్డీని షాఫ్టు అంటారు. మిషన్లన్నీ దానికి వేసిన బెల్టుల మీదే నడుస్తాయి. అది తిరుగుతుండగానే ఆయిల్‌మాన్ నూనె పోయాలి. నిరుడు అలా పోస్తుంటే చొక్కా చెయ్యి షాఫ్టుకు చుట్టుకుని, మామ కుడిచెయ్యి పోయింది. ఇప్పుడు అదే పనికి ఆయన తమ్ముడు కోటయ్య ఎక్కుతున్నాడు. ఇల్లంతా ఇక వాడి చేతుల మీదే నడవాలి.

"వాడికి చొక్కా కుట్టాల. లాగితే చేతులు ఊడి రావాల," అన్నాడు మామ.

"అసలు చేతుల్లేకుండా కుడితే పోద్దిగా మామా," అన్నాను. అన్నాక ఆయన భుజం వైపు చూసి, నా నోటికి కూడా ఒక బొత్తాం ఉంటే బాగుండుననుకున్నాను.

ఆయన నవ్వాడు. "నాకైతే సరిపోద్దిరా. వాడికి వేడి నూనె చిందుద్ది, చేతులు బొబ్బలెక్కుతాయి."

నాన్న కత్తెర కింద పెట్టాడు. "ఊడే కుట్టు నేను కుట్టను అంజయ్యా. జనం ఏమనుకుంటారు?"

"ఏమన్నా అనుకోనీ సాయిబన్నా. ఆరోజు గుడ్డ వదిలుంటే చెయ్యి మిగిలేది."

నాన్న బట్ట నా వైపు తోశాడు. నేను చొక్కా కుట్టి, చేతులకు మాత్రం కచ్చా కుట్టు వేశాను. కొలత సరిచూడటానికి దూరం దూరంగా వేసే తాత్కాలికపు కుట్టు అది. నేనే తొడుక్కున్నాను. మామ ఎడం చేత్తో పట్టుకుని ఒక్క లాగు లాగాడు. చొక్కా చెయ్యి రాలేదు. నేను వెళ్లాను. వెళ్లి బల్ల మీద బోర్లా పడ్డాను.

"షాఫ్టు కూడా ఇట్టాగే లాగుద్దిరా," అన్నాడు మామ. "కాకపోతే అది మళ్లా వదలదు."

షాపులో ఉన్నవాళ్లంతా నవ్వారు. నాన్న నవ్వలేదు. నా ఒంటి మీది చొక్కా విప్పించి, ఆ కుట్లు తీసేసి, సన్న దారంతో ఇంకా దూరంగా తానే కుట్టాడు. ఈసారి చెయ్యి ఊడి మామ చేతిలోకి వెళ్లింది. నేను నిలబడే ఉన్నాను. మా షాపులో కుట్టు ఊడినందుకు అందరూ సంతోషించడం అదే మొదలు.

ఆ ఎండాకాలంలో కోటయ్య వచ్చాడు. చొక్కాకు ఒక చెయ్యి లేదు. మోచేతి దగ్గర ఎర్రటి వాత.

"ఏం కుట్టావు సాయిబన్నా, ఒక్క లాగుకే పోయింది," అంటూ నవ్వబోయాడు. నాన్న ఆ చేతిని భుజం నుంచి వేళ్ల దాకా మెల్లగా తడిమి చూశాడు. టేపు లేకుండా ఆయన ఒక చేతిని అంతసేపు కొలవడం నేనెన్నడూ చూడలేదు.

మామ మిల్లు యజమానిని తీసుకెళ్లి, షాఫ్టుకు చుట్టుకున్న ఆ గుడ్డను చూపించాడు. కొద్ది రోజుల్లోనే షాఫ్టుకు ఇనప వల అడ్డం వచ్చింది. మిషను ఆపాకే నూనె పోయాలన్నారు. మనిషి చెయ్యి పోయినప్పుడు రానిది చొక్కా చెయ్యి పోతే వచ్చింది. సరే, వచ్చింది కదా.

ఇప్పుడు మా షాపులో టేపు తీసేముందు, "ఏం పని చేస్తారు?" అని అడుగుతాం. ప్లీడరుగారినీ అడిగాను. ఆయన నవ్వాడు. నవ్వనీ. ఆ ప్రశ్న నాది కాదు, అంజయ్య మామది.