గురక పెట్టే శవాన్ని చూశావుట్రా?

మా చిన్నప్పుడు... ఇంట్లో వెల్లకిలా, చేతులు బార్లా చాపుకుని పడుకోవడం పెద్ద నేరం. ఒక పక్కకి తిరిగి ముడుచుకోవాలి. లేకపోతే నాయనమ్మ తుంగచాప అంచు పట్టుకుని లాగి మరీ పొర్లించేది.

అలాంటి ఇంట్లో నేను ఓ సాయంత్రం వసారాలో చాప పరిచి, కాళ్ళూ చేతులూ ఎడంగా పెట్టి, కళ్ళు మూసుకుని, కదలకుండా పడుకున్నాను...

పెరట్లోంచి బియ్యం చేటతో వస్తున్న నాయనమ్మ చూసింది. చేట జారింది. బియ్యం నా మొహం మీద!

"ఓరి నీ అమ్మ కడుపు చల్లగుండ! లేవరా వెధవా! బొటనవేళ్ళు కట్టడం ఒక్కటే తక్కువ!"

"డ్రిల్లు మేష్టారు చెయ్యమన్నారే నాయనమ్మా. దీన్ని శవాసనం అంటారు."

పేరు చెప్పకుండా ఉండాల్సింది...

మా డ్రిల్లు మేష్టారు ఈల నోట్లోంచి తియ్యకుండానే తిట్టేవారు. ఏది తిట్టో, ఏది ఈలో తెలిసేది కాదు కాబట్టి మేమెవ్వరం బాధపడేవాళ్ళం కాదు. మాకు ఆసనాలు నేర్పింది ఆయనే. నేనేమో చీకటంటే చచ్చేంత పిరికివాణ్ణి. పెరట్లోకి వెళ్ళాలంటే నాయనమ్మ కిరసనాయిలు బుడ్డి పట్టుకుని తోడు రావాల్సిందే. శవాసనంలో అయితే కళ్ళు మూసిన మరుక్షణం లేచి కూర్చునేవాణ్ణి.

ఓ రోజు ఆయన ఈల తీసి మరీ చెప్పారు. "పారిపోతే భయం కుక్కలా వెంటపడుతుందిరా. ఒంట్లో ఎక్కడ కూర్చుందో చూడు. అక్కడిదాకా ఊపిరి పంపు."

నా భయం బొడ్డు కింద కూర్చునేది. ఇంటి దగ్గర సాధన చేస్తుంటే ఈ బియ్యం వాన...

నాయనమ్మ బియ్యం ఏరుకుంటూ నేను చెప్పిందంతా వింది. తర్వాత ఏమనుకుందో, నా పక్కనే నడుం వాల్చింది. వెల్లకిలా!

"నీకు భయం వెయ్యదా?"

"ఎందుకు వెయ్యదూ? మీ తాత పోయిన దగ్గర్నుంచీ ఇలా పడుకోలేదు. నాది ఇదిగో, ఈ గొంతులో కూచుంది."

నా చిటికెన వేలు పట్టుకుంది. నేను ఊపిరి పంపుతున్నాను. ఇంతలో గుర్ర్... మంటూ గురక! నవ్వాపుకోలేక కుదిపి లేపాను.

"ఇంకేం భయంరా? గురక పెట్టే శవాన్ని ఎప్పుడైనా చూశావుట్రా?"

ఆ రోజు చీకటి పడ్డాక పెరట్లోకి ఒక్కణ్ణే వెళ్ళాను. భయం పోయి కాదు... అదీ నాతోపాటే వచ్చింది.

ఇప్పుడు సింగపూర్లో, యూ టీ అనే పేటలో, ఫ్లాట్‌లో ఒక్కణ్ణే ఉంటున్నాను. మా ఆవిడ పోయింది. "మీ గురకకి పై అంతస్తు వాళ్ళొచ్చి తలుపు కొడతారు" అని జీవితమంతా సణిగిన మనిషి. ఇప్పుడు నేను గురక పెడుతున్నానో లేదో చెప్పే దిక్కు లేదు.

ఆదివారం పొద్దున్నే మా బ్లాకు కింద ఖాళీ జాగాలో యోగా క్లాసు. నేర్పేది మన తెలుగమ్మాయే, సెరంగూన్ పేట నుంచి వస్తుంది. అన్ని ఆసనాలూ వేస్తాను. చివర్లో శవాసనం అనగానే లేచి కూర్చుంటాను. కళ్ళు మూస్తే మళ్ళీ తెరుస్తానో లేదోనని... తెరవకపోతే ఎవరికి తెలుస్తుందని...

"పడుకోండంకుల్, రిలాక్స్ అవ్వండి."

"నడుం నొప్పమ్మా."

ఇక్కడ హాకర్ సెంటర్లో, అంటే తిండి కొట్లన్నీ ఒకే చోట ఉండే చోట, బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెడితే ఆ చోటు మనది. దీన్ని 'చోప్' అంటారు. ఎంత ఆకలిగా ఉన్నవాడైనా దాన్ని ముట్టుకోడు. నేను నా చాప పక్కన ఓ ప్యాకెట్ పెట్టేవాణ్ణి.

"ఎవరొస్తారంకుల్?" అనేది ఆ అమ్మాయి.

"వస్తార్లేమ్మా."

మొన్నో ఆదివారం జల్లు కొట్టి, అందరూ లోపలికి జరగడంతో చోటు ఇరుకైపోయింది. ఆలస్యంగా వచ్చిన ఓ చైనా ఆంటీ ప్యాకెట్ వైపు వేలు చూపించింది.

"అంకుల్, యువర్ ఫ్రెండ్ కమింగ్ ఆర్ నాట్?"

భయం ఈసారి గొంతులో కూర్చుంది, నాయనమ్మ చూపించిన చోటే. అక్కడిదాకా ఊపిరి పంపాను.

"నాట్ కమింగ్" అని ప్యాకెట్ జేబులో పెట్టుకున్నాను.

"ఐయా! దెన్ చోప్ ఫర్ వాట్ లా!" మరి చోటెందుకు ఆపావని విసుక్కుంటూ ఆవిడ నా పక్కనే చాప పరిచింది.

శవాసనం వచ్చింది. రెండు ఊపిర్లు తీసిందో లేదో, ఆంటీ గురక మొదలు! నేర్పే పిల్ల పెదవి కొరుక్కుంది. నేను మెల్లిగా వెల్లకిలా వాలాను. కళ్ళు మూసుకున్నాను.

క్లాసు అవగానే ఆవిడ చాప చుట్టుకుని కూరగాయలకి వెళ్ళిపోయింది. నేనావిడ పేరు కూడా అడగలేదు. ఇంటికొచ్చి, మధ్యాహ్నం హాల్లో చాప పరిచి మళ్ళీ పడుకున్నాను. ఫ్రిజ్ చప్పుడు తప్ప ఏమీ లేదు. భయం వచ్చింది.

కూర్చోమన్నాను.

ఆ రోజుల్లో వసారా నిండా గురకలే. నిద్ర పట్టట్లేదని విసుక్కునేవాళ్ళం. ఇప్పుడు చప్పుడు లేక నిద్ర పట్టదు... మీ ఇంట్లో ఎవరైనా గురక పెడుతుంటే లేపకండి. చిన్నప్పుడు మీ పక్కన ఎవరు గురక పెట్టేవారో కాస్త రాయండి.

వింటాను.