ముడికి తడి

కొర్రమీను గాలం కట్టడమంటే నాయనకు పిచ్చి. ఐరాల వైపు చెరువులకు పోయే ముందురోజే కూర్చుని, గాలానికి సీసం గుండు తగిలించి, దాని వెనక ఎరగా పుంజు మెడ ఈకలు పెట్టి దారంతో చుట్టేవాడు. ఆఖరున నైలాన్ తీగ ముడి వేసి, బిగించే ముందు నోట్లో పెట్టుకుని తడిపేవాడు. "పొడిగా లాగితే తీగ కాలతాదిరా. సేప తెంపుకొని పోతాది" అనేవాడు.

పక్షవాతం వచ్చాక మాట పడిపోయింది, కుడి చెయ్యి పడిపోయింది. వంకరపోయిన మూతి నుంచి చొంగ కారుతూనే ఉండేది. పొద్దస్తమానం తువ్వాలుతో తుడవడమే నా పని. విసుక్కుంటూనే తుడిచేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం ఆయన గాలాల డబ్బా మీద నుంచి చూపు తిప్పలేదు. "ఇంగ యాడికి పోతావని నాయనా, ఈ పాడు గాలాలు?" అని కసిరి, మంచం పక్కనే కూర్చుని నేనే ఒకటి కట్టాను. ముడి బిగించబోతుంటే ఎడమ చేత్తో నా మణికట్టు పట్టుకున్నాడు. నీళ్లు కావాలేమో అనుకున్నాను. కాదు. నా చేతిని మెల్లగా తన మూతి దగ్గరికి లాక్కుని, ఆ కారే చొంగలో ముడిని తడిపాడు.

బిగించాను. తువ్వాలు నా భుజం మీదే ఉంది. తుడవడానికి చెయ్యి రాలేదు.