మామయ్య చేసిన ఎగ్జిబిషన్ పెట్టె

రేడియో కంపెనీలో చెక్కపెట్టెలు తయారయ్యే షెడ్డుకి పెద్ద మేస్త్రీ మా మామయ్య, అమ్మకి సొంత తమ్ముడు. సూపర్‌వైజరు మా నాన్న. స్పీకరు ముందు గుడ్డ అతికించే పని నాది. సగం సంసారం ఆ షెడ్డులోనే నడిచేది మాకు.

మామయ్యని అందరూ పొరల మేస్త్రీ అనేవాళ్లు. కాగితమంత పల్చగా కోసిన ఖరీదైన కలప పొరలు కట్టలుగా వచ్చేవి. పక్కపక్కనే కోసిన రెండు పొరల్ని పుస్తకం తెరిచినట్టు పరిస్తే, కుడివైపు గీతలు ఎడమవైపు గీతలకి అద్దంలో నీడలా కుదరాలి. ఆ జత కుదిరేదాకా మామయ్య భోజనానికి లేచేవాడు కాదు. గుండ్రటి మూలలతోనే అసలు తంటా. ప్లైవుడ్డును దిమ్మ చుట్టూ వంచి బిగించి, దానిమీద జిగురు రాసి, తడిపిన పొరని పరిచి వేడి ఇసుకసంచితో అదమాలి. తొందరపడితే పొర చిట్లుతుంది, తాత్సారం చేస్తే బుడగ లేస్తుంది. బుడగ ఎక్కడుందో గోటితో తట్టి చెప్పేసేవాడు. మా ఇంటికొస్తే భోజనాల బల్లని కూడా వదిలేవాడు కాదు. "నా తల మాత్రం తట్టకురా, డొల్లని తెలిసిపోతుంది" అనేది అమ్మ.

ఒకరోజు నాన్న, పెద్ద ఎగ్జిబిషన్ ఉందనీ, వంక పెట్టడానికి వీల్లేని పెట్టె ఒకటి కావాలనీ చెప్పాడు. మామయ్యకి పట్టపగ్గాల్లేవు. గోదాములో ఉన్న కట్టలన్నీ విప్పించాడు. చేసిన వాటిని తనే పక్కన పడేసి మళ్లీ మొదలుపెట్టాడు. చివరికి కుదిరిన పొరలో, స్టేషన్ల పలక పక్కన, పిట్ట కన్నులాంటి చిన్న ముడి ఉంది. దూదిగుడ్డతో లక్క పాలిష్ పూత మీద పూత పట్టించి, మొహం కనబడేలా మెరిపించాడు. నాన్న భుజం తట్టి, ఇలాంటిది ఇంకెవడూ చెయ్యలేడన్నాడు. పెట్టెని దుప్పట్లో చుట్టి వ్యాన్ ఎక్కించారు.

కొన్ని నెలలకి రేడియోలు బిగించే హాల్లోకి అట్టపెట్టెలు దిగాయి. టీకి వెళ్తూ తొంగిచూశాను. అన్నీ ప్లాస్టిక్ పెట్టెలు. అవే గుండ్రటి మూలలు. పైన చెక్కగీతలు అచ్చువేసిన కాగితం. మామయ్యని పిలుచుకొచ్చాను. ఆయన వేలితో గీతల్ని తడుముతూ వెళ్లి పలక పక్కన ఆగాడు. పిట్ట కన్ను. పక్క పెట్టె తీశాడు, దానిమీదా అదే. ఆ పక్కదాని మీదా.

నేరుగా నాన్న గదిలోకి వెళ్లాడు. నేను వెనకే నిలబడ్డాను.

"బావా, నీకు ముందే తెలుసా?"

నాన్న తలెత్తలేదు. "పైవాళ్ల నిర్ణయంరా. అచ్చుపోయడానికి, గీతలు ఫోటో తీసి కాగితం మీద వెయ్యడానికి నమూనా కావాలన్నారు."

"ఆ మాటే చెప్పొచ్చుగా. ఎగ్జిబిషన్ అని ఎందుకన్నావ్?"

"తెలిస్తే నీకు చెయ్యాడదనుకున్నాను."

మామయ్య వెనుదిరిగి బయటికి నడిచాడు. పరాయివాడు చేసుంటే తిట్టిపోసేవాడేమో. అక్క మొగుడాయె.

షెడ్డు మూతపడింది. నాన్నని ప్లాస్టిక్ విభాగానికి మేనేజర్ని చేశారు. ఆ సంగతి విన్నరోజు అమ్మ నాన్నకి అన్నం వడ్డించి, తను తినకుండా లేచిపోయింది. కాగితాలు అతికించే పనికి నన్ను రమ్మన్నారు. నేను పోలేదు. ఎందుకని నాన్న అడగలేదు. మామయ్య తలుపులు చేసే దుకాణంలో కుదిరాడు. మా గడప తొక్కడం మానేశాడు, అమ్మే వెళ్లి చూసొచ్చేది. దారిలో నేను ఎదురైతే నవ్వి పలకరించేవాడు, నాన్న ఊసు మాత్రం ఎత్తేవాడు కాదు.

ఏళ్లు గడిచాక నాన్న మంచాన పడ్డాడు. కబురందగానే మామయ్య వచ్చాడు. మందుల సంగతి, నిద్ర సంగతి అడిగాడు. నాన్న ఆయన చెయ్యి పట్టుకుని, తప్పు చేశాన్రా అన్నాడు.

"ఇప్పుడదంతా ఎందుకు బావా" అన్నాడు మామయ్య, దుప్పటి సర్దుతూ.

పర్లేదని మాత్రం అనలేదు. నాన్న ఆ మాట కోసం ఆయన మొహంలోకే చూస్తూ ఉండిపోయాడు. మామయ్య కాసేపు కూర్చుని, అమ్మకి చెప్పి వెళ్లిపోయాడు.