మామయ్య మా కాలేజీకి శాంపిల్ తీసిన రోజు

మామయ్య గుంటూరు మిర్చి యార్డుకు వేసుకెళ్ళే తెల్ల చొక్కా తొడుక్కుని వరండాలోకి వచ్చారు. పొద్దున ఏడున్నర. మా పెద్దపిల్లకు జడ వేస్తున్నాను. "అమ్మా, లాగుతున్నావ్!" అని అది అరిచేదాకా నా చేతులు ఏం చేస్తున్నాయో నాకు తెలియలేదు.

ఆ చొక్కా పండక్కి వేసేది కాదు, పెళ్ళికి వేసేదీ కాదు. సరుకు చూడటానికి వెళ్ళేటప్పుడు మాత్రమే వేస్తారు. మా మిరపకాయలు అమ్ముడైపోయి మూడు నెలలైంది. ఇంట్లో మిగిలినవి కారం కొట్టించుకోవడానికి దాచుకున్న కాసిని కాయలే. మరి ఏ సరుకు?

"ఎక్కడికి మామయ్యా?" అన్నాను.

"మీ కాలేజీకి. నువ్వూ రావాలమ్మా. సరుకు నీదే గదా. సొంతదారు లేకుండా బస్తాలో చెయ్యి పెడితే మర్యాద కాదు."

విషయం ఏమిటంటే, మా ఆడపడుచు ఆ వేసవిలోనే ఇంటర్ పాసైంది. ఇంజనీరింగ్‌లో చేరమని ఇంట్లో అందరూ అన్నారు. ఇంజనీరింగ్ కాలేజీల పచ్చ బస్సులు మా ఊరి బడి ముందు దాకా వచ్చి మరీ ఎక్కించుకుపోతాయి. ఆ పిల్ల మాత్రం, మాకు పదకొండు కిలోమీటర్ల దూరాన పత్తిచేల మధ్య ఉన్న ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో బీఏ చదువుతానని భీష్మించుకుంది. చరిత్ర, ఎకనామిక్స్, తెలుగు. నేను చదివిన కాలేజీ, నేను చదివిన గ్రూపు. ఆన్‌లైన్‌లో కాలేజీ ఎంచుకునే గడువు ఆ రాత్రితో అయిపోతుంది. మామయ్య ఊ అంటే తన కోరిక తీరుతుంది. ఊహూ అంటే మర్నాటి నుంచి పచ్చ బస్సు.

నేరం పూర్తిగా నాది. పెళ్ళై వచ్చిన ఎనిమిదేళ్ళలో, కల్లంలో కాయలు ఆరబోసేటప్పుడు, ఎర్రకాయల్లో కలిసిన తెల్లబారిన తాలు కాయలు ఏరేటప్పుడు, నా పక్కన కూర్చున్న ఆ పిల్లకు నా కాలేజీ కబుర్లే చెప్పాను. మా చరిత్ర సార్ వేపచెట్ల కింద పాఠం చెప్పేవారని చెప్పాను. గది పైకప్పు కారేది కాబట్టి చెట్ల కిందకు పోయేవాళ్ళమని చెప్పలేదు. లైబ్రరీలో ఉన్న పుస్తకాలన్నీ చదివేశానని చెప్పాను. ఉన్నవి మూడు బీరువాలని, అందులో ఒకదాని తాళంచెవి నేను చేరకముందే పోయిందని చెప్పలేదు. అబద్ధం ఒక్కటీ ఆడలేదు. బస్తా పైభాగాన మంచి కాయలు పేర్చానంతే.

"బీఏ చదివి ఏం చేస్తావే?" అని మామయ్య అంతకుముందు రాత్రి అడిగారు.

"వదినలాగా ఆలోచిస్తా," అంది ఆ పిల్ల.

"మీ వదిన ఆలోచించీ ఆలోచించీ రోజూ పాలు పొంగబెడతంది. ఇంట్లో ఒకళ్ళు చాల్లే," అంది అత్తయ్య.

ఇంతవరకూ అయితే నవ్వుకుని ఊరుకోవచ్చు. నా భయం వేరే. రెండో ఏడాది నేను ఎకనామిక్స్‌లో తప్పాను. సప్లిమెంటరీ రాసి గట్టెక్కాను. పెళ్ళిచూపుల్లో మధ్యవర్తి "అమ్మాయి ఫస్టు క్లాసు" అన్నప్పుడు నేను కాఫీ గ్లాసుల వైపు చూస్తూ ఊరుకున్నాను. ఊరుకుంటే అదే నిజమై కూర్చుంది. కోడలే తప్పిన కాలేజీ అని తెలిస్తే మామయ్య కూతుర్ని అందులో చేరుస్తారా?

పైగా మామయ్య చూపు మామూలు చూపు కాదు. వయసులో ఉండగా యార్డులో ఒక వ్యాపారి దగ్గర సరుకు చూసే పని చేశారు. పైన కనిపించే కాయను ఎన్నడూ నమ్మరు. "పైన ఉండేది పెళ్ళికూతురు. దాన్ని చూసి బేరం చేసేవాడు ఎర్రోడు," అంటారు. మోచేయి దాకా బస్తాలోకి దించి, అడుగు నుంచి గుప్పెడు తీసి, తాలు ఎంతుందో చూస్తారు. తర్వాత పిడికిట్లో నలుపుతారు. బరువు కోసం నీళ్ళు చల్లిన కాయ గలగలమనదు, మెత్తగా మడత పడుతుంది. అది తేలితే ఇక బేరమే లేదు.

మేం బయల్దేరేటప్పుడు నా సంచిలో మూడు నీళ్ళ సీసాలు, రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ఒక గొడుగు ఉన్నాయి. ప్రయాణం ముప్పావు గంట. "అత్తయ్యా, చిన్నాడికి ద్రాక్షపళ్ళు నాలుగు ముక్కలు కోసి పెట్టండి, గొంతుకు అడ్డం పడతాయి," అన్నాను గేటు దగ్గర నుంచి.

"ముగ్గుర్ని పెంచానే తల్లీ. ఒక్కరికీ ద్రాక్షపండు కొయ్యలా. బస్సు పోతది, నడువ్!"

కాలేజీ ముందు బస్సు దిగేసరికి తొమ్మిదిన్నర అయింది. నేను వదిలి వెళ్ళిన నాటి కంటే ఒక కొత్త ఆర్చి ఎక్కువ వచ్చింది. ఆ ఆర్చిలోంచి చూస్తే కాలేజీ ఇంకా చిన్నగా కనబడుతోంది. మా ఆడపడుచు అటూ ఇటూ చూసి, "వదినా, మిగతాది ఎక్కడ?" అంది.

"ఇంతే," అన్నాను.

"ఇంతేనా?"

"ఇంతే."

వేసవంతా అక్కడి లెక్చరర్లు ఊళ్ళు తిరిగి, చేల గట్ల మీద నిలబడి కరపత్రాలు పంచి, పిల్లల్ని చేర్చమని అడుగుతారు. అలాంటిది ఒక తండ్రి తనంతట తాను బస్సు దిగి రావడంతో ప్రిన్సిపాల్ గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. టీ తెమ్మని అటెండరును పంపబోయారు. మామయ్య చెయ్యి అడ్డం పెట్టారు.

"టీ తర్వాతండీ. తాగితే మొహమాటం వస్తది. పాఠం జరిగే గదేదో చెప్పండి, వెనకాల కూర్చుంటాం."

రెండో ఏడాది బీఏ గదిలో పదకొండుమంది ఉన్నారు. పాఠం చెబుతున్నది మా చరిత్ర సారే. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. నేను చున్నీ ముఖానికి అడ్డం లాక్కుని ఆఖరి బెంచీలో గోడ పక్కన నక్కాను. మామయ్య ఆఖరి బెంచీలోనే ఒక అమ్మాయి పక్కన చోటు వదిలి కూర్చున్నారు. ఆయనకు కావలసింది అడుగు సరుకు కదా.

సార్ ఇంగ్లీషువాళ్ళ కాలం నాటి భూమి శిస్తు గురించి చెబుతున్నారు. పంట పండినా ఎండినా శిస్తు కట్టాల్సిందేనని, కట్టలేనివాళ్ళ భూములు పోయాయని చెప్పారు. పది నిమిషాలు గడిచాయో లేదో, మామయ్య బడిపిల్లాడిలా చెయ్యి ఎత్తారు.

"అయ్యా, మా తాత తాతకు అట్టాగే రెండెకరాలు పోయిందంట. దున్నే ఎద్దుల్ని కూడా తోలుకుపోయారంట. మా ముసలమ్మ చెప్పేది."

"ఎవరు తోలుకెళ్ళారట? లేచి చెప్పండి, అందరికీ వినబడేట్టు," అన్నారు సార్.

మామయ్య లేచారు. చెప్పారు. పదకొండుమందీ రాసుకోవడం మొదలుపెట్టారు.

"ఇవి రాసుకోమాకండమ్మా, పరీక్షలో రావు," అన్నారు మామయ్య కంగారుగా.

"ఇక్కడ పరీక్షలో రానివి కూడా రాసుకుంటారండీ," అన్నారు సార్.

గంట కొట్టాక మామయ్య పక్కనున్న అమ్మాయి వైపు తిరిగారు. ఆ అమ్మాయి వాళ్ళది కనిగిరి వైపు మెట్ట ఊరు. కాయ కోతలకని వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబం. ఏ ఊరన్నదే ఆయన అడిగిన మొదటి ప్రశ్న. రెండోది ఇది.

"ఏమ్మా, ఈ కాలేజీలో ఏం బాగాలేదు?"

ఆ అమ్మాయి ఆలోచించడానికి ఆగలేదు. "ఎకనామిక్స్ మేడం వారానికి మూడు రోజులే వస్తది తాతా. మిగతా మూడు రోజులు ఇంకో కాలేజీకి పోద్ది. మధ్యాహ్నం నుంచి బాత్రూముల్లో నీళ్ళు రావు. కంప్యూటర్లు పది ఉంటే నాలుగు పని చేస్తయ్."

మా ఆడపడుచు నా వైపు చూసిన చూపు నేను ఈ జన్మలో మర్చిపోను.

"మరి ఎందుకు చేరావు?"

"చేరా. మానేద్దామనుకున్నా కూడా. పోయిన కోతలప్పుడు పది రోజులు రాలా. ఫోన్ చేస్తే ఎత్తలా. ఈ సారు మేం కోసే చేలోకే వచ్చాడు. నోట్సు ఇచ్చి, పరీక్ష ఫీజు తేదీ చెప్పి, ఊరికే ఉండక కాసేపు కాయ కోశాడు."

"బాగా కోశాడా?"

"ఏం బాగా! ఒక్క కాయకీ తొడిమ లేదు. మా మేస్త్రి, 'సారూ, మీరు పాఠమే చెప్పుకోండి, చేను పాడుచెయ్యమాకండి' అన్నాడు."

తొడిమ ఊడిన కాయ నిలవ ఉండదని మా వైపు చంటిపిల్లకైనా తెలుసు. మామయ్య పగలబడి నవ్వారు. ఆ నవ్వుకు సార్ ఇటు నడిచి వచ్చారు. వచ్చి, చున్నీ చాటున ఉన్న నన్ను చూసి ఆగిపోయారు.

"నువ్వు కదూ! ఎకనామిక్స్‌లో తప్పి, మా ఇంటి వరండాలో కూర్చుని నెలరోజులు ఏడ్చుకుంటూ చదివింది నువ్వే కదమ్మా?"

ఆయన మొహంలో ఎంత సంతోషమో! ఇన్నేళ్ళ తర్వాత ఒక విద్యార్థిని గుర్తుపట్టిన సంతోషం. కోపగించుకునే వీలు కూడా లేకపోయింది.

మామయ్య నవ్వు ఆగింది. "తప్పావా అమ్మా?"

"తప్పాను మామయ్యా."

"ఆ ఏడు ఎకనామిక్స్‌కి మనిషే లేడండీ," అన్నారు సార్. "నేనూ, తెలుగు మాస్టారూ కలిసి ముందు రోజు మేం చదువుకుని, మర్నాడు ఈ అమ్మాయికి చెప్పేవాళ్ళం. అప్పుడు నేర్చుకున్నదే నాకు ఎకనామిక్స్. పాసైనప్పుడు మేం ముగ్గురం పాసైనట్టే ఉంది."

మామయ్య సార్‌కు నమస్కారం పెట్టి గదిలోంచి బయటికి నడిచారు. ప్రిన్సిపాల్ గారి టీ కూడా తాగకుండానే బస్సెక్కారు. దారి పొడుగునా కిటికీలోంచి పత్తి మొలకలు చూస్తూ కూర్చున్నారు. మా ఆడపడుచు నా పక్క సీటు వదిలేసి వెనకెక్కడో కూర్చుంది. సంచిలో మూడు నీళ్ళ సీసాలున్నా నా నోరు ఎండిపోయింది.

సాయంత్రానికి కబురు అత్తయ్యకు చేరింది. "ఏందే, తప్పావంట! ఎనిమిదేళ్ళ నుంచి ఫస్టు క్లాసు కోడలని ఊరంతా చెప్పుకు తిరిగా. ఇప్పుడు ఇంటింటికీ పోయి దిద్దుకు రావాలా?" అంటూ పప్పులో గరిటె తిప్పింది. మా ఆయన నోట్లో ముద్ద పెట్టుకుని తల దించుకుని నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది.

మామయ్య చెయ్యి కడుక్కుని వచ్చి కూతురి ఎదురుగా కూర్చున్నారు.

"అడుగు దాకా చెయ్యి పెట్టా. తాలు ఉంది, లేదనను. మీ వదిన చెప్పినంత ఎరుపూ లేదు. కాని నీళ్ళు చల్లిన సరుకు మాత్రం కాదు. అడిగిన పిల్ల దాచకుండా చెప్పింది, సారూ దాచకుండా చెప్పాడు. ఎందుకైనా మంచిదని దాచింది మన ఇంట్లో మనిషే." ఆ చివరి మాట నా వైపు చూసే అన్నారు. "నేనైతే కొంటా. చదివేది నువ్వు. చెప్పు."

ఇన్నాళ్ళూ మొండికేసిన పిల్ల అప్పుడు వెంటనే ఊ అనలేదు. నన్ను గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది.

"వదినా, మళ్ళీ చెప్పు. మొదటి నుంచి. ఈసారి ఏరకుండా చెప్పు."

చెప్పాను. కారే పైకప్పు, తాళంచెవి లేని బీరువా, లెక్చరర్ లేని ఏడాది, ఫలితాలు వచ్చిన రోజు బస్టాండులో కూర్చుని ఇంటికి వెళ్ళే రెండు బస్సులు వదిలేయడం. అన్నీ అయ్యాక, "అయినా ఎందుకు అంత గొప్పగా చెప్పేదానివి?" అంది.

"ఇంకెక్కడా నేను తప్పినందుకు ఇద్దరు పెద్దవాళ్ళు కూర్చుని చదువుకోలేదు," అన్నాను. "అది చెప్పాలంటే తప్పానని చెప్పాలి. అందుకని చెట్ల గురించి చెప్పాను."

ఆ పిల్ల ఫోన్‌లో కాలేజీలు ఎంచుకునే పేజీ తెరిచింది. తర్వాత ఆ కాలేజీని మొదటి స్థానంలో పెట్టి, రెండో స్థానం ఖాళీగా వదిలేసింది. "రెండోది కూడా ఏదో ఒకటి పెట్టవే, ఎందుకైనా మంచిది," అన్నాను నా అలవాటు కొద్దీ. "ఎందుకైనా మంచిదని నువ్వు చేసినవి చాలు వదినా," అని నొక్కేసింది.

మర్నాడు పొద్దున బడికి తయారవుతూ పెద్దది అడిగింది. నానమ్మ అప్పటికే తన పని తాను చేసింది.

"అమ్మా, నువ్వు ఫెయిలయ్యావంట గదా?"

చిన్నాడు పాలగ్లాసు మీంచి కళ్ళు పైకెత్తాడు. వాడికి ఫెయిలంటే ఏమిటో తెలియదు గాని, మా మొహాలు చూసి అదేదో మంచి విషయమనుకున్నాడు.

"అయ్యాను," అన్నాను. "ఎకనామిక్స్‌లో. మళ్ళీ రాసి పాసయ్యాను. ఎవరైనా అడిగితే రెండూ చెప్పండి, ఒక్కటే కాదు. అత్త కూడా అక్కడే చదువుతుంది. నీకూ ఎప్పుడైనా మార్కులు తక్కువ వస్తే ఆ సాయంత్రమే నాకు చెప్పు. నేను కంగారుపడతాను, ఖాయం. రెండు కేకలు కూడా వేస్తాను. అయినా చెప్పు. ఎనిమిదేళ్ళు దాచడం కంటే అది చాలా తేలిక."