నీళ్ళ కబురు కోసం మా మేడం పెట్టిన ఫైలు

మా మేడం పోయారన్న సంగతి ఆఫీసు వాట్సాప్ గ్రూపులో చూశాను. దానికి పైనున్న మెసేజి, వెబ్‌సైటు టెండరు గడువు మళ్ళీ పొడిగించారని. దాని కింద ఎవరో దణ్ణం బొమ్మ పెట్టారు. మేడం కబురు కిందా అవే దణ్ణం బొమ్మలు వరసగా పడుతున్నాయి. ఫోను మంచం మీద పడేసి వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. ఏడుపుకంటే ఒళ్ళుమంటే ఎక్కువగా ఉంది నాకు.

ఆవిడ మా సెక్షను సూపరింటెండెంటు. విజయవాడలో మా ఆఫీసుది కాలవలకు నీళ్ళు వంతులవారీగా వదిలే పని. ఎగువ ఊళ్ళవాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు, నీళ్ళు కళ్ళెదుటే పారతాయి. సముద్రం పక్కనున్న చివరి ఊళ్ళ రైతులు మాత్రం బస్సెక్కి మా కిటికీ దగ్గరికి వచ్చి, "మా వంతెప్పుడండీ?" అని అడగాల్సిందే. మేడం వాళ్ళని కూచోబెట్టి, మంచినీళ్ళు తాగనిచ్చి అప్పుడు చెప్పేవారు. వాళ్ళు వెళ్ళాక నావైపు తిరిగి, "బస్సెక్కి వచ్చి అడగాల్సినంత పెద్ద ప్రశ్నటే ఇది?" అనేవారు.

ఒకసారి ఒకాయన వచ్చాడు. నీళ్ళు వదిలేస్తున్నారని టీకొట్టు దగ్గర విని నారు పోసేశాడట. నీళ్ళు రాలేదు, నారంతా మాడిపోయింది. తిట్టిపోస్తాడనుకున్నాం. "మళ్ళీ పోసుకుంటానండి. ఈసారన్నా నిజం రోజు చెప్పండి, చాలు," అన్నాడు. ఆ రోజు మేడం క్యారేజీ విప్పలేదు. సాయంత్రం కూచుని వెబ్‌సైటు కావాలని ఫైలు పెట్టారు. ఒకే పేజీ ఉండాలి, తెలుగులో ఉండాలి, చవక ఫోనులో తెరుచుకోవాలి, కాలవ పేరు నొక్కితే నీళ్ళొచ్చే తేదీ కనపడాలి. అంతే రాశారు.

ఫైలు పైకి వెళ్ళి మంజూరై తిరిగొచ్చింది. మా ఆఫీసులో టెండరు కాగితం కొత్తగా రాయడమన్నది లేదు. కొత్తగా రాస్తే ఎందుకు రాశావని ఆడిట్‌వాళ్ళు అడుగుతారు, పాతది చూసి దించితే ఎవరూ అడగరు. మేం ఎన్నడూ వెబ్‌సైటు కొనలేదు, కొన్నవన్నీ కాలవల్లో నీళ్ళు ఆపే ఇనప షట్టర్లే. కాబట్టి పై ఆఫీసరుగారు షట్టర్ల టెండరు తీయించి, షట్టరు అన్న చోటల్లా వెబ్‌సైటు అని టైపు కొట్టించారు. టెండరు వేసేవాళ్ళకు సొంత వెల్డింగు షాపు ఉండాలి. వెబ్‌సైటుకు తుప్పు పట్టకుండా పెయింటు వేసి ఇవ్వాలి. నేను పడీపడీ నవ్వాను. మేడం నవ్వలేదు.

టెండరు మీటింగుకి గవర్నర్‌పేటలో వెబ్‌సైట్లు తయారుచేసే ఒక అమ్మాయి వచ్చింది. మేడం ఏం కావాలో చెబుతుంటే, "చేసిపెడతానండీ, ఎంత పని," అంది. కాగితం చదివాక, "వెల్డింగు షాపు నాకెక్కడిదండీ?" అంది.

"ఎవరో ఒకరి దగ్గర సర్టిఫికెట్టు తెచ్చుకోమ్మా. ఫార్మాలిటీ," అన్నారు ఆఫీసరుగారు.

"దొంగ కాగితాలు నేను తేనండీ," అని లేచిపోయింది. మేడం మోకాళ్ళ నొప్పులతోనే మెట్లు దిగి గేటుదాకా వెళ్ళి బతిమాలారు. ఒంటరిగానే తిరిగొచ్చారు.

టెండరు షట్టర్లు చేసే కాంట్రాక్టరుకే దక్కింది. ఆయన ఎక్కడో ఎవరిచేతో చేయించుకొచ్చాడు. అంతా ఇంగ్లీషు. పైన ఏ దేశానిదో ఒక డ్యాము, వెనక మంచుకొండలు. ఒకటిరెండు చోట్ల తెలుగు అక్షరాలు ఉండాల్సిన చోట ఖాళీ డబ్బాలు.

"కొండల సంగతి సరే నాయనా, నీళ్ళ తేదీ ఏదీ?" అన్నారు మేడం.

"అది టెండర్లో లేదండీ," అన్నాడు.

నిజమే, లేదు. షట్టర్ల కాగితం దించిన హడావుడిలో మేడం రాసిన పేజీ కలపనేలేదు. సైటు అందిందని ఆవిడ సంతకం పెట్టలేదు. టెండరు రద్దయింది. మళ్ళీ పిలిచారు, మళ్ళీ షట్టర్ల కాగితమే. "రిటైరయ్యే ముందు మీకెందుకండీ ఈ తలనొప్పి?" అన్నారు ఆఫీసరుగారు. నేనేదో అనబోతే మేడం నా చెయ్యి నొక్కారు. నాకు నోరెక్కువని ఆవిడకు తెలుసు.

కిడ్నీలు పాడై ఆవిడ ఆసుపత్రిలో చేరారు. అక్కణ్ణుంచీ ఫోను చేశారు.

"పెయింటు మాట తీసేశారా?"

"తీసేశారు మేడం."

"వెల్డింగు?"

"అలాగే ఉంది."

"నీ నోటికి తాళం వేసుకుని ఇంకోసారి అడిగి చూడవే," అన్నారు. నాతో ఆవిడ ఆఖరి మాట అదే. అడిగాను. తాళం వేసుకునీ అడిగాను, తీసీ అడిగాను. ఏమీ కాలేదు.

ఒక్క సంగతి మాత్రం ఆవిడతో చెప్పలేకపోయాను. మేడం సెలవు పెట్టగానే మా కిటికీ మూసేశారు. సైటు రాబోతోంది కదా, ఇంకా మనుషులెందుకన్నారు. నీటి విడుదల వివరాలు వెబ్‌సైటులో చూసుకోగలరని బోర్డు తగిలించారు.

పెద్దకర్మ నాడు మేడంగారింట్లో ఆఫీసరుగారు, "గొప్ప మనిషండీ," అని మైకులో చెప్పి భోజనానికి కూచున్నారు. నేను ఆ పంక్తిలో కూచోకుండా బయటికొచ్చాను. షామియానా పక్కన ఒక పెద్దావిడ చెయ్యి కడుక్కుంటోంది.

"నువ్వు కూడా అమ్మగారి ఆఫీసేనా తల్లీ?" అంది.

అవునన్నాను.

"ఎప్పుడెళ్ళినా మంచినీళ్ళిచ్చేది మహాతల్లి. నీళ్ళ కబురు ఫోనులో వచ్చేట్టు చేస్తానమ్మా, మీరింత దూరం రావద్దు అనేది. మొన్న మావాళ్ళొచ్చి బోర్డు చూసి చెప్పారు, చేసేసిందంటగా." కొంగుముడి విప్పి కొత్త ఫోను తీసింది. "దీనికోసమే కొనిపిచ్చుకున్నా. మా వంతెప్పుడో ఇందులో ఎట్టా చూడాలో కాస్త చూపిచ్చమ్మా."

ఫోను నా చేతిలో పెట్టింది. చార్జింగు నిండా పెట్టించుకొచ్చానని కూడా చెప్పింది. నేను ఏమీ నొక్కకుండా నిలబడి ఉంటే, తెర బాగా కనపడటానికి నా పక్కకు జరిగి, కళ్ళజోడు పైటకొంగుతో తుడిచి పెట్టుకుంది.