రెండో బంతికి కూర్చున్న పిల్ల

రాష్ట్రం రెండయిన మరుసటి విద్యాసంవత్సరంలో నన్ను విజయనగరం నుంచి శ్రీకాకుళంలోని ఒక మహిళా డిగ్రీ కళాశాలకు ఫిజికల్ డైరెక్టరుగా బదిలీ చేశారు. కాలేజీల్లో ఆటలు నేర్పేవారి హోదా అది. కాగితం మీద లెక్చరర్‌తో సమానమే గాని, స్టాఫ్ రూములో మాత్రం నన్ను ‘ఈల మేడమ్’ అనేవారు. నాకసలే ముక్కు మీద కోపం. అన్నవాళ్ళని ఒక చూపు చూసి, ఈల మెడలో వేసుకుని గ్రౌండుకి పోయేదాన్ని.

ఆ ఏడు నాకప్పగించిన పని బాస్కెట్‌బాల్ జట్టు. అందులో గౌరి అని బీకాం రెండో సంవత్సరం పిల్ల ఉండేది. రాజాం దగ్గరి పల్లె వాళ్ళది. తండ్రి సూరినాయుడు వరి రైతు. ఈ ఒక్క ఏడాదీ ఆడుకో, ఆ తరవాత ఆట మాటెత్తకు అని ఒప్పుకుని పంపించాడు. యూనివర్సిటీ జట్టుకు ఎంపికైతేనే మళ్ళీ అడగడానికి నోరుంటుందని గౌరికి బాగా తెలుసు.

ఆ పిల్లకి గురి ఉంది, తీరు లేదు. బంతిని అరచేతికి ఆనించి, ఎడమ బొటనవేలితో తోసేది. అది పక్కకి గింగిరాలు తిరుగుతూ పోయి రింగు అంచుకి తగిలేది. షాట్‌లో ఎడమ చెయ్యి బంతి పడిపోకుండా ఆనుకుని ఉండాలి, అంతే. విసిరేది కుడి చెయ్యి, దానికి బలమిచ్చేవి మోకాళ్ళు. మోచెయ్యి బంతి కింద ఉండాలి, బంతి వేళ్ళ మీద నిలవాలి, వదిలాక మణికట్టు కళ్ళాపి జల్లిన చేతిలా ముందుకి వాలాలి. ఎంత చెప్పినా ఆ బొటనవేలు మాట వినకపోతే, ఆమె జడ రిబ్బనే విప్పించి దాన్ని చూపుడువేలికి కట్టేశాను.

“మేడమ్, సెయ్యి ఇరిగిపోయినట్టున్నాది” అని నవ్వేది.

“నవ్వు తరవాత. ముందు మోకాలు వంచు” అనేదాన్ని.

దసరా సెలవులు అయ్యేసరికి రిబ్బను అక్కర్లేకపోయింది. జట్టులో అంత శుభ్రమైన షాట్ ఇంకొకరికి లేదు. అందుకే ఆమెను మొదటి ఐదుగురిలో పెట్టకుండా బెంచి మీద కూర్చోబెట్టాను.

ఇది బయటివాళ్ళకి వింతగా ఉంటుంది. ఆట మొదలుపెట్టే ఐదుగురికి చెయ్యి కుదురుకోవడానికి వ్యవధి ఉంటుంది. రెండు షాట్లు పోయినా మూడోది సర్దుకుంటారు. బెంచి మీంచి లేచి వెళ్ళే పిల్లకి ఆ వ్యవధి ఉండదు. జట్టు వెనకబడినప్పుడు, ఒళ్ళు చల్లారి ఉన్నప్పుడు, వెళ్ళగానే పాయింట్లు తేవాలి. తీరు పక్కాగా ఉన్నవాళ్ళకే అది సాధ్యం. గౌరికి ఈ మాట విడమరిచి చెప్పాను, ఒప్పుకుంది. కూర్చున్నంతసేపూ అవతలి పిల్లల్లో ఎవరు అలిసి చేతులు దించేస్తున్నారో చూడటం కూడా ఆమె పనే.

ఆ ఏడు కాలేజీల మధ్య పోటీలు ఎచ్చెర్లలో జరిగాయి. ఫైనల్లో మా మీదికి వచ్చింది రాజాం జట్టు. ఇక చూడండి, ప్రేక్షకుల్లో సగం మంది సూరినాయుడికి తెలిసినవాళ్ళే. ఆయన బావమరిదిని కూడా వెంటబెట్టుకొచ్చాడు, ఇద్దరూ తెల్ల చొక్కాల్లో ఉన్నారు. గౌరి సగం ఆట వరకూ బెంచి మీదే ఉంది. విరామం ఈల వేయగానే ఆయన మా బెంచి వెనక కమ్మీ దగ్గరికి వచ్చేశాడు.

“ఏటి మేడమ్మా, మా పిల్లేటి తప్పు సేసినాది? అందరి ముందరా కూకోబెట్టీసినారు. సుట్టాన్ని పిలిసి రెండో బంతికి కూకోబెట్టినట్టున్నాది. మాకు పరువు నేదా?”

మా వైపు పెళ్ళి భోజనాల వరుసని బంతి అంటారు. మొదటి బంతిలో పిలవలేదని అలిగి, చెయ్యి కడుక్కోకుండానే బండెక్కిన చుట్టాలు నాకూ ఉన్నారు. ఆయన బాధ నాకు అర్థమైంది, కోపమూ వచ్చింది. “నాయుడుగారూ, మీ ఇంటి పెళ్ళిలో మీరు మొదటి బంతిలో కూర్చుని తింటారా? ఇంటివాళ్ళు ఎప్పుడు తింటారు?” అని అడిగాను.

“మాటలు బాగానే సెప్తన్నారు” అని, ఆయన కమ్మీ మీంచి వంగి గౌరి సంచి తీసుకున్నాడు. “పద గౌరీ, ఎల్దాం. సాలు ఈ ఆట.”

మూడో క్వార్టర్ మొదలైంది. సంచితో ఆయన కదలకుండా అక్కడే నిలబడ్డాడు. మేము ఎనిమిది పాయింట్లు వెనకబడ్డాం. గౌరి కళ్ళు నిండిపోయాయి. నేను “గౌరీ, నువ్వు” అన్నాను. అంతకు మించి నేను చేయగలిగింది లేదు. మార్పు అడిగే హక్కు ఆట నియమాల్లో కోచ్‌కి లేదు. లోపలికి వెళ్ళే క్రీడాకారిణి తనే స్కోరర్ల బల్ల దగ్గరికి నడిచి వెళ్ళి అడగాలి.

పిల్ల లేచింది. తండ్రి వైపు తిరిగింది. అయ్యో, వెళ్ళిపోతోందనుకున్నాను. “నాన్నా, ఆ సంచి జాగర్త, నీళ్ళ సీసా ఉన్నాది” అని, నేరుగా బల్ల దగ్గరికి వెళ్ళి రెండు చేతులూ అడ్డంగా పెట్టి మార్పు అడిగింది.

మొదటి షాట్ రింగు దాకా కూడా పోలేదు. రాజాం వాళ్ళు కూర్చున్న వైపు నుంచి ఎవరో నవ్వారు. మామూలు పిల్లయితే చేతి తీరు మార్చేసుకుంటుంది. గౌరి చెయ్యి మార్చలేదు, మోకాళ్ళు ఇంకాస్త వంచింది. రెండోది రింగుకి తగలకుండా వలలో పడింది. ఆ తరవాత వరసగా పడ్డాయి. రాజాం వాళ్ళు గత్యంతరం లేక తమ పొడుగు పిల్లని రింగు కింద నుంచి గౌరి మీదికి పంపారు. రింగు కింద ఖాళీ అయింది, మిగతా పని మావాళ్ళు చూసుకున్నారు. నాలుగు పాయింట్ల తేడాతో గెలిచాం.

సాయంత్రం ఎంపిక కమిటీ చదివిన యూనివర్సిటీ జట్టులో గౌరి పేరుంది. సూరినాయుడు నా దగ్గరికి వచ్చాడు. సంచి ఇంకా ఆయన భుజానే ఉంది. గొంతు తగ్గించి, “మేడమ్మా, ఆ జట్టులో కూడా ఎనకే కూకోబెట్టమని సెప్పండి” అన్నాడు. పక్కనున్న బావమరిది తెల్లబోయి చూశాడు.

రిటైరయ్యేదాకా ఇంకా చాలా జట్లు తయారుచేశాను. జాబితా రాసేటప్పుడు బెంచి మీంచి లేచి వెళ్ళే ఆరో పేరు ముందు రాసి, మొదటి ఐదు పేర్లూ తరవాత ఆలోచించేదాన్ని. పోటీకి ముందు ఆ ఆరో పిల్ల ఇంటికి మాత్రం నేనే స్వయంగా ఫోన్ చేసేదాన్ని.