వదలని పిడికిలి

చర్ల అడవిలో వెదురు కొట్టే లచ్చిరాం చెయ్యి, వయసు నలభై దాటాక, పట్టిన కత్తిని వదలనని మొండికేసింది. పని ఆపినప్పుడల్లా ఎడమచేత్తో కుడిచేతి వేళ్లను చిటికెనవేలు మొదలుకొని ఒక్కొక్కటే విప్పుకునేవాడు. ఆ తర్వాతే బీడీ. అతని తండ్రికీ అన్నకూ ఇదే జబ్బు. చివరికి వాళ్ల మెడలు కూడా నిలవక తలలు వాలిపోయాయి. తండాలో దాన్ని గోత్రం జబ్బు అనేవారు. పెళ్లయితే ఆడపిల్ల గోత్రం మారుతుంది కనుక జబ్బు పుట్టింట్లోనే ఉండిపోతుందని లచ్చిరాం నమ్మకం. కొడుకులు లేరని ఎవరైనా జాలిపడితే, "నాతోనే పోతది, మంచిగైంది" అనేవాడు. కూతురు హేమ్లి పెళ్లినాడు, తండా ఆచారం ప్రకారం, తండ్రి మెడ పట్టుకుని వీడ్కోలు పాట పాడుతూ ఏడ్చింది. పాట అయిపోయినా చేతులు తియ్యకపోతే ఆడవాళ్లే వేళ్లు విప్పి లాగారు. అంత ప్రేమ ఏ బిడ్డకుంటుందని అందరూ కళ్లు తుడుచుకున్నారు. బిడ్డ బయటపడిందని లచ్చిరాం ఒక్కడే లోలోపల నవ్వుకున్నాడు.

మరుసటి ఎండాకాలం పుట్టింటికొచ్చిన హేమ్లి నీళ్ల బిందె తెచ్చి గుడిసెలో దించింది. బిందె నేలకు ఆనింది గానీ ఆమె చెయ్యి దాని అంచును వదల్లేదు. లచ్చిరాం పక్కన కూర్చుని ఆమె వేళ్లను చిటికెనవేలు మొదలుకొని విప్పసాగాడు. చివరికి అడిగాడు: "ఎప్పటిసంది బిడ్డా?"

"లగ్గంనాడు నీ మెడ ఇడవకపోతిని గద బాపూ, గప్పటిసంది."